మా బడిలో ఆ క్లాసు లేదు: టెక్సాస్ ‘పది శాతం’ చట్టం కథ

ఈ వారం ఎపిసోడ్‌లో నేను కాలేజీ సీట్ల గురించి మాట్లాడిన. టైం చాలక సగం సంగతులు మింగేసిన. అవన్నీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నేను హిస్టరీ మాస్టారును కాను. జగిత్యాల దగ్గర పల్లెలో పుట్టి, ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివి, పన్నెండేళ్లు గల్ఫ్ సైట్ల మీద ఎండలో నిలబడి, ఇప్పుడు టెక్సాస్‌లో ఒక చిన్న ఊళ్లో బిల్డింగ్ పనులు చూసుకునే సూపర్‌వైజర్‌ని. మా ఆవిడ అక్క పెట్టిన అప్లికేషన్ ఏళ్ల తరబడి నడిచి తేలితే కుటుంబంతో ఇక్కడికి వచ్చాం. ఈ చరిత్ర నేను చదవాల్సి వచ్చింది మా పెద్దమ్మాయి వల్ల.

ఆ పిల్ల ఇప్పుడు పదకొండో తరగతి. పోయిన దీపావళికి మా షడ్డకుడి ఇంటికి ఫ్రిస్కో పోయినం. భోజనాల దగ్గర ఆయన అడిగాడు, “తమ్మీ, మీ ఊరి బడిలో ఏపీ క్లాసులు ఎన్ని?” నాలుగు అని చెప్పిన. ఆయన చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. “నాలుగా? మా దగ్గర పిల్లలు పది పన్నెండు రాస్తారు. పిల్ల చదువు ఆగం చేస్తున్నవ్. ఇల్లు అమ్మి ఇటు వచ్చెయ్” అన్నాడు. ఆయన చెడ్డ మనసుతో అనలేదు. కానీ తిరిగొస్తుంటే మూడు గంటల దారిలో కారులో ఎవ్వరం మాట్లాడలేదు. ఇల్లు చేరబోతుంటే మా అమ్మాయి అడిగింది, “బాపూ, మా బడిలో లేని క్లాసుకు నాకెందుకు మార్కులు తగ్గాలి?”

ఆ ప్రశ్న ఈ దేశంలో మా పిల్లకంటే ముందు చాలామంది అడిగారని తర్వాత తెలిసింది. కొందరు కోర్టులో అడిగారు, కొందరు అసెంబ్లీలో అడిగారు. వాళ్ల కథే ఇది.

ముందు ఏపీ అంటే ఏమిటో చెప్పాలి. మనకు ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్. ఇక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదివి, మే నెలలో పరీక్ష రాస్తారు. 1 నుంచి 5 దాకా స్కోరు ఇస్తారు. మంచి స్కోరు వస్తే కాలేజీలో ఆ సబ్జెక్టు మళ్లీ చదవక్కరలేదు, ఆ ఫీజు మిగులుతుంది. ఇది 1950లలో పుట్టింది. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో మూడు పేరున్న ప్రైవేటు బడులూ, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలూ కూర్చుని ఆలోచించాయి. ఆ బడుల పిల్లలు కాలేజీకి వచ్చి చదివిందే మళ్లీ చదువుతున్నారు, ఆ కాలం ఎందుకు వృథా అని. కాలేజ్ బోర్డు అనే సంస్థ 1956లో మొదటి పరీక్షలు పెట్టింది. అంటే ఇది మొదట్లో ఉన్నోళ్ల పిల్లలకు దారి దగ్గర చేయడానికి వేసిన అడ్డరోడ్డు. అందులో తప్పేం లేదు. రాను రాను యూనివర్సిటీలు ఆ అడ్డరోడ్డు మీద వచ్చినోళ్లకే మొదట తలుపు తీయడం మొదలుపెట్టాయి. తిప్పలు అక్కడ వచ్చింది.

ఎట్లా అంటే, మామూలు క్లాసులో ‘ఎ’ గ్రేడు వస్తే 4 పాయింట్లు. ఏపీ క్లాసులో అదే ‘ఎ’ వస్తే చాలాచోట్ల 5 పాయింట్లు. ఏపీ క్లాసులు లేని బడిలో పిల్ల అన్నింట్లో ఫస్టు వచ్చినా 4 దగ్గర ఆగిపోతుంది. పది ఏపీలున్న బడిలో రెండు సబ్జెక్టుల్లో తగ్గిన పిల్లాడు కూడా ఆమెను దాటిపోతాడు. పిల్ల తప్పేం లేదు, ఆ నిచ్చెనకు పై మెట్టు వేయనేలేదు.

లేని క్లాసును పెట్టించిన మాస్టారు ఒకాయన ఉన్నాడు. హైమే ఎస్కలాంటే. బొలీవియాలో లెక్కల మాస్టారు. 1960లలో అమెరికా వచ్చాడు. ఇంగ్లీషు రాదు, అక్కడి సర్టిఫికెట్లు ఇక్కడ చెల్లవు. హోటల్లో నేల తుడిచాడు, రాత్రిళ్లు చదువుకున్నాడు, మళ్లీ డిగ్రీలు తెచ్చుకున్నాడు. మనలో చాలామందికి ఈ కథ కొత్త కాదు. 1974లో తూర్పు లాస్ ఏంజిలెస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో చేరాడు. దాదాపు అందరూ మెక్సికో మూలాలున్న కూలీల పిల్లలు. ఆయన అక్కడ ఏపీ కాలిక్యులస్ క్లాసు నిలబెట్టాడు. 1982లో 18 మంది రాస్తే 18 మందీ పాసయ్యారు. పరీక్ష పెట్టినవాళ్లకు నమ్మకం కుదరలేదు. కొన్ని పేపర్లలో తప్పులు ఒకేలా ఉన్నాయని 14 మందిని అనుమానించారు. వాళ్లలో 12 మంది మళ్లీ పరీక్ష రాశారు. 12 మందీ మళ్లీ పాసయ్యారు. దీని మీద 1988లో సినిమా కూడా వచ్చింది.

ఈ కథ వింటే మనకు ఉత్సాహం వస్తుంది. కానీ అందరికీ ఎస్కలాంటే దొరకడు కదా. ఆయన లేని బడిలో పిల్లలేం చేయాలి?

1999లో అదే లాస్ ఏంజిలెస్ పక్కన ఇంగిల్‌వుడ్ హైస్కూల్ పిల్లలు కొందరు పౌరహక్కుల సంఘం సాయంతో కాలిఫోర్నియా ప్రభుత్వం మీద కేసు వేశారు. వాళ్ల బడిలో ఏపీ క్లాసులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కొద్ది దూరంలో ఉన్న బెవర్లీ హిల్స్ బడిలో అంతకు ఎన్నో రెట్లు. రెండు బడుల పిల్లలూ అప్లై చేసేది మాత్రం ఒకే ప్రభుత్వ యూనివర్సిటీకి. రాష్ట్రమే యూనివర్సిటీ నడుపుతుంది, రాష్ట్రమే బడులకు బాధ్యత వహిస్తుంది. ఒక చేత్తో క్లాసు పెట్టకుండా, ఇంకో చేత్తో ఆ క్లాసు లేదని మార్కులు తగ్గిస్తే ఎట్లా? అదీ వాళ్ల వాదన. దాని తర్వాత కాలిఫోర్నియా వెనకబడ్డ బడుల్లో ఏపీ క్లాసులు పెట్టడానికి డబ్బు కేటాయించింది. అదే ఏడాది కాలిఫోర్నియా యూనివర్సిటీ పెద్దలు వేరే నిర్ణయం కూడా చేశారు. ప్రతి బడిలోనూ పైన ఉన్న 4 శాతం పిల్లలకు అర్హత ఇస్తామన్నారు. అది 2001 నుంచి అమల్లోకి వచ్చింది, తర్వాత 9 శాతం చేశారు. దీని అర్థం, పిల్లను పక్క ఊరి బడితో కాదు, తన బడిలో తన తోటివాళ్లతో పోల్చి చూడటం.

ఈ పద్ధతిని అందరికంటే ముందు పెద్దయెత్తున చట్టం చేసింది మాత్రం టెక్సాస్. ఇప్పుడు నా రాష్ట్రం సంగతికి వస్తున్నాను.

ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ 1883లో మొదలైంది. అందరి పన్నులతో నడిచే యూనివర్సిటీ. కానీ తలుపు అందరికీ తెరవలేదు. 1946లో హ్యూస్టన్‌లో ఉత్తరాలు పంచే హీమన్ స్వెట్ అనే నల్లజాతి యువకుడు లా కాలేజీకి అప్లై చేశాడు. చదువులో లోటు లేదు, రంగు చూసి సీటు లేదన్నారు. ఆయన వదల్లేదు. 1950లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. తర్వాత చాలా ఏళ్లకు యూనివర్సిటీ తన పాత తప్పు సరిచేయడానికి సీట్లు ఇచ్చేటప్పుడు జాతిని కూడా లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టింది. 1996లో ‘హాప్‌వుడ్’ కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు అది కుదరదు పొమ్మంది. ఆ తీర్పు తర్వాత నల్లజాతి, మెక్సికన్ పిల్లల చేరికలు పడిపోయాయి.

అప్పుడు ఇర్మా రాంగెల్ అనే ఎమ్మెల్యే ముందుకొచ్చింది. దక్షిణ టెక్సాస్‌లో కింగ్స్‌విల్ ఆమె ఊరు. మొదట టీచరు, తర్వాత లాయరు. టెక్సాస్ అసెంబ్లీకి ఎన్నికైన మొదటి మెక్సికన్ అమెరికన్ మహిళ. ఉన్నత విద్య కమిటీకి అప్పుడు ఆమే అధ్యక్షురాలు. కొందరు ప్రొఫెసర్లతో కూర్చుని ఆమె బిల్లు తయారు చేయించింది. బిల్లు చిన్నదే. టెక్సాస్‌లో ఏ హైస్కూల్లోనైనా తన క్లాసులో మొదటి పది శాతంలో ఉన్న పిల్లకు రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ యూనివర్సిటీలోనైనా సీటు ఇవ్వాల్సిందే. పరీక్ష స్కోరు అడ్డం రాకూడదు.

ఈ బిల్లు ఒక్క నల్లజాతి, మెక్సికన్ పేటల వాళ్లకే కాదు, పల్లె బడులకూ పనికొస్తుంది. అప్పటిదాకా ఆస్టిన్ సీట్లలో పెద్ద వాటా పట్టణాల చుట్టూ ఉన్న కొన్ని బడులకే పోయేది. పత్తి పండే ఊళ్ల నుంచి, పశువుల ఊళ్ల నుంచి అక్కడికి చేరేవాళ్లు తక్కువ. అందుకే పల్లె నియోజకవర్గాల తెల్లజాతి సభ్యులు కూడా చేయి కలిపారు. 1997లో బిల్లు పాసయింది. అప్పటి గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం పెట్టాడు. రాజకీయంగా ఉప్పూ నిప్పులా ఉండేవాళ్లు ఒక్క విషయం మీద ఒక్కటయ్యారు: మా ఊరి పిల్ల కూడా ఈ రాష్ట్రం పిల్లే.

మా పని తెలిసినవాళ్లకు ఒక మాట. సైటు మీద లెవెల్ పట్టేటప్పుడు ముందు అక్కడి బెంచ్‌మార్క్ చూసుకుంటాం. ఎత్తు అక్కడి నుంచే లెక్క. పక్క సైటు బెంచ్‌మార్క్ పట్టుకొచ్చి మన స్లాబ్ తక్కువుందంటే ఎవరూ ఒప్పుకోరు. ఈ చట్టం చేసింది అదే.

మరి అట్లా వచ్చిన పిల్లలు నిలబడ్డారా? ఇది అందరూ అడిగే ప్రశ్న, న్యాయమైన ప్రశ్నే. ఆస్టిన్‌లో డేవిడ్ లాడ్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఉన్నాడు. ఐదు వందల మంది కూర్చునే ఫస్టియర్ క్లాసు ఆయనది. ప్రతి ఏడూ కొందరు ఫెయిలవుతున్నారు, వాళ్లు ఎక్కువగా పేద ఇళ్ల నుంచి, చిన్న బడుల నుంచి వచ్చినవాళ్లని చూశాడు. 1999లో అట్లాంటివాళ్లను యాభై మందిని ఏరాడు. పరీక్ష స్కోర్లు క్లాసు సగటు కంటే 200 పాయింట్ల దాకా తక్కువ. వాళ్లను చిన్న క్లాసులో కూర్చోబెట్టాడు. పాఠం తగ్గించలేదు. అదే పుస్తకం, అదే లెక్చరు, అదే పరీక్ష. వారానికి రెండు గంటలు అదనంగా చెప్పించాడు, సలహా చెప్పే మనుషులను పెట్టాడు. సెమిస్టర్ చివరికి వీళ్లకూ పెద్ద క్లాసు పిల్లలకూ ఒకటే గ్రేడ్లు వచ్చాయి. పిల్లలకు తెలివి తక్కువ కాదు, వాళ్ల బడిలో ఆ క్లాసు లేదు, అంతే.

సీటు ఇచ్చినా డబ్బు లేక రానివాళ్లు ఉన్నారు. అందుకని యూనివర్సిటీ ఎప్పుడూ పిల్లలను పంపని బడులను చూసి 1999 నుంచి ‘లాంగ్‌హార్న్ ఆపర్చునిటీ’ అనే స్కాలర్‌షిప్ కూడా పెట్టింది. తలుపు తీయడం ఒక పని, గుమ్మం దాకా తీసుకురావడం ఇంకో పని.

ఇక రెండో పక్క కూడా చెప్పాలి, లేకుంటే అన్యాయం. మా షడ్డకుడు ఉండే ఫ్రిస్కో, పక్కన ప్లేనో, హ్యూస్టన్ దిక్కు కేటీ, షుగర్‌ల్యాండ్. మనోళ్లు ఎక్కువగా ఉండేది ఇక్కడే. బడులు పెద్దవి, పోటీ గట్టిది. అక్కడ బాగా చదివే పిల్ల కూడా మొదటి పది శాతంలో పడకపోవచ్చు. ‘మా పిల్ల చదివినన్ని ఏపీలు ఆ ఊరి బడిలో ఎవరూ చదవలేదు, మరి సీటు వాళ్లకా?’ అని వాళ్ల బాధ. అది కూడా నిజమైన బాధే. 2008 నాటికి ఆస్టిన్‌లో చేరిన టెక్సాస్ పిల్లల్లో 81 శాతం ఈ చట్టం కింద వచ్చినవాళ్లే. యూనివర్సిటీ తన చేతిలో ఏమీ మిగలడం లేదని మొరపెట్టుకుంది. 2009లో అసెంబ్లీ చట్టాన్ని మార్చింది. ఆస్టిన్ ఒక్కదానికి, రాష్ట్రం పిల్లల సీట్లలో 75 శాతం వరకే ఈ దారిలో నింపితే చాలు అంది.

దాంతో పది శాతం పదిగా ఉండలేదు. 2011 చేరికలకు 8 అయింది. తర్వాత 9కీ 7కీ మధ్య తిరిగింది. 2019 నుంచి 6. ఇప్పుడు 2026 చేరికల నుంచి 5. జనం పెరిగారు, అప్లికేషన్లు పెరిగాయి, తలుపు సందు సన్నబడుతూ వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు జాతిని చూసి సీట్లివ్వడం దేశమంతా ఆపేసింది. అప్పటి నుంచి మిగతా రాష్ట్రాల వాళ్లు కూడా టెక్సాస్ పద్ధతి వైపు చూస్తున్నారు.

ఇదంతా చదువుతుంటే నాకు బాసర గుర్తొచ్చింది. గల్ఫ్ నుంచి చదివేవాళ్లకు ఈ ముక్క ముఖ్యం. మన దగ్గర ఏపీ క్లాసులు లేవు గానీ, ఐఐటీ కోచింగ్ ఉంది కదా. హైదరాబాదు, విజయవాడ కార్పొరేట్ కాలేజీలో లక్షలు కట్టినోళ్లకు దొరికే క్లాసు, జిల్లా పరిషత్ బడి పిల్లకు దొరకదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టారు. జనం నోట్లో ట్రిపుల్ ఐటీ. బాసర, నూజివీడు, ఇడుపులపాయ. పల్లె పిల్లల కోసమనే పెట్టింది. టెన్త్ అయిన వెంటనే, ఆ మార్కుల మీదనే సీటు. ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజినీరింగ్ పూర్తి చేయొచ్చు. దానికి మొదటి చాన్సలర్ రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కంప్యూటర్ రంగంలో పెద్ద పేరు తెచ్చుకుని, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. టెన్త్‌లో గ్రేడ్ పాయింట్లు వచ్చాక, సర్కారు బడిలో చదివిన పిల్లల పాయింట్లకు 0.4 కలిపి లెక్కకట్టేవారు. వెనకబాటు స్కోరు అన్నమాట. నీ బడిలో లేనిదానికి నువ్వు బాధ్యురాలివి కాదు అని చెప్పే 0.4 అది. టెక్సాస్‌ను చూసి పెట్టారని నేను అనడం లేదు. కానీ రెండు చోట్లా ఆలోచన ఒక్కటే.

మా పల్లె నుంచి ఆ ట్రిపుల్ ఐటీకి పోయిన పిల్లలున్నారు. వాళ్ల నాన్నలు కొందరు నాతో దుబాయ్ క్యాంపుల్లో పక్క మంచం మీద పడుకున్నవాళ్లే.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. ఫ్రిస్కోకు పోలేదు. పోవాలా వద్దా అని నెల రోజులు నిద్ర పట్టలేదు, అది వేరే ముచ్చట. వాళ్ల క్లాసులో 140 మంది. మా పిల్ల ర్యాంకు ప్రస్తుతం 9. కాలిక్యులేటర్ తీసి చూసిన, 6.4 శాతం. ఆస్టిన్‌కు కావాల్సింది 5, అంటే ఏడో ర్యాంకు. 7 శాతం నడిచిన రోజుల్లో అయితే ఈ ర్యాంకుతోనే సీటు వచ్చేది. రెండు ర్యాంకుల తేడా. కానీ టెక్సాస్ ఎ అండ్ ఎమ్‌కూ, మిగతా ప్రభుత్వ యూనివర్సిటీలకూ పది శాతం చట్టం ఇంకా ఉంది. అక్కడ మా పిల్ల సీటు భద్రం. ఆస్టిన్‌కు కూడా అప్లై చేస్తుంది. అక్కడ మిగతా సీట్లకు వ్యాసాలు, చేసిన పనులు, బడి ఎట్లాంటిదీ అన్నీ చూస్తారు. ఆ బడిలో ఏ క్లాసులు దొరుకుతాయో బడివాళ్లే కాగితం పంపిస్తారు.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లు నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, సీటు గ్యారంటీ అంటే ఇంటికి ఉత్తరం రాదు, గడువులోపు అప్లై చేయాలి. రెండు, యూనివర్సిటీలో సీటు వేరు, కోర్సులో సీటు వేరు. ఇంజినీరింగ్, కంప్యూటర్ కోర్సులకు విడిగా చూస్తారు. మూడు, హైస్కూల్ ప్లాన్‌లో ‘డిస్టింగ్విష్డ్’ స్థాయి పూర్తి చేయాలి, అందులో ఆల్జీబ్రా 2 తప్పనిసరి. తొమ్మిదో తరగతిలోనే కౌన్సెలర్‌ను అడగండి. నాలుగు, ఏపీ లేకుంటే డ్యుయల్ క్రెడిట్ ఉందేమో చూడండి. కమ్యూనిటీ కాలేజీ క్లాసు హైస్కూల్లో ఉండగానే చదవొచ్చు. మా అమ్మాయి లెక్కలు అట్లాగే చదువుతోంది. కోర్ సబ్జెక్టులైతే ఆ క్రెడిట్లు రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీల్లో చెల్లుతాయి.

వేరే దేశాల్లో ఉన్నవాళ్లకు ఒక్కటే చెప్తాను. పిల్లల చదువుకని పొలం అమ్మే ముందు, అప్పు తెచ్చే ముందు, పిల్ల ఇప్పుడున్న బడి నుంచే పోయే దారి ఏదైనా ఉందా అని ఒక్కసారి అడగండి. అట్లాంటి దారులు ఊరికే రాలేదు. ఇర్మా రాంగెల్ లాంటివాళ్లు కొట్లాడితే వచ్చాయి. వాటి గురించి అడిగేవాళ్లు లేకపోతే పది ఏడవుతుంది, ఏడు ఐదవుతుంది.

మే నెలాఖరుకు మా అమ్మాయి చివరి ర్యాంకు వస్తుంది. ఏడు లోపల వస్తుందా అని నేను అడగడం మానేసిన. నిన్న రాత్రి తనే వచ్చి చెప్పింది, “బాపూ, వచ్చే ఏడు మా బడిలో కాలిక్యులస్ క్లాసు పెట్టమని పన్నెండు మందిమి కలిసి ప్రిన్సిపాల్‌కు లెటర్ రాసినం. నేను అప్పటికి వెళ్లే ముందు ఏడాదిలో ఉంటా. నాకు కాకపోయినా చెల్లెకు పనికొస్తది.”

ఏమైందో వచ్చే ఎపిసోడ్‌లలో చెప్తాను. ఉంటాను మరి.